పోవు దారి, వచ్చు దారి

సముద్రపు ఒడ్డు గ్రామములలోని విశ్వాసులకు ఆటుపోట్ల సంగతి ఒకరు నేర్పనక్కరలేదు. పడవను ఏ వేళ నీటిలోనికి నెట్టవలెనో, ఏ వేళ ఒడ్డుకు తేవలెనో వారికి చిన్ననాటనుండి తెలియును. మెట్ట గ్రామముల చదువరుల కొరకు మాత్రము రెండు మాటలు చెప్పెదను. చంద్రుని ఆకర్షణ వలనను, కొంతమట్టుకు సూర్యుని ఆకర్షణ వలనను సముద్రపు నీరు సాధారణముగా దినమునకు రెండుమారులు పొంగి, రెండుమారులు తీయును. పొంగుట పోటు, తీయుట ఆటు. ఒక పోటునకును తరువాతి పోటునకును నడుమ ఇంచుమించు 12 గంటల 25 నిమిషములు పట్టును. కాబట్టి నేడు వచ్చిన పోటు రేపు అదే వేళకు రాదు; 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకును పున్నమికిని పోటు పెద్దది, ఆటు లోతైనది. ఈ లెక్కను మనుష్యుడు తెలిసికొనగలడు గాని మార్చలేడు.

ఇంగ్లాండు దేశపు ఈశాన్య తీరమున నార్తంబర్లాండు అను సీమలో లిండిస్‌ఫార్న్ అను దీవి కలదు. దానిని పరిశుద్ధ దీవి అనియు పిలుచుదురు. పోటు వచ్చినప్పుడు అది నాలుగు వైపుల నీరుగల దీవి. ఆటు వేళ ఇసుక మేట తేలి, అది ఒడ్డుతో కలిసిపోవును. 635లో ఐయోనా అను మరియొక దీవి నుండి ఐడన్ అను దైవజనుడు సువార్త చెప్పుటకు ఆ సీమకు వచ్చెను. ఆస్వల్డు రాజు అతనికి లిండిస్‌ఫార్న్‌ను నివాసముగా ఇచ్చెను. ఐడన్‌కు ఆ దేశపు భాష బాగుగా రాకపోగా, ఆ భాష రెండును ఎరిగిన రాజే ప్రక్కను నిలిచి అతని ప్రసంగమును తన ప్రజలకు అనువదించి చెప్పెనట. ఐడన్ గుఱ్ఱముల మీద కాక తరచుగా కాలినడకనే ఊరూర తిరిగినవాడు. అట్టివాడు దీవిలో కాపురముండుట తగియున్నదని నాకు తోచును. నీరు పొంగినప్పుడు అది ప్రార్థన గది. నీరు తీసినప్పుడు అది ఊళ్లకు పోవు బాట.

నేటికిని యాత్రికులు ఆటు వేళ చెప్పులు విప్పి, ఇసుకలో పాతిన పొడవైన గుంజల వరుస వెంబడి, ఇంచుమించు మూడు మైళ్లు నడచి ఆ దీవికి పోవుదురు. 1954లో బండ్లు పోవుటకు బాట కూడ వేసినారు. అయినను పోటు వచ్చినప్పుడు ఆ బాట నీట మునుగును. ఏ దినమున ఏ గంట మొదలు ఏ గంట వరకు దాటవచ్చునో ముందుగా లెక్క కట్టి, బాట చివరలను పలకల మీద అందరికి తెలియజేయుదురు. ఆ పలకను చూచియు 'ఇంకను కొంత వ్యవధి యున్నదిలే' అని బయలుదేరి నడిదారిలో చిక్కుకొనువారు ప్రతి సంవత్సరమును ఉందురు. వారి కొరకు ఎత్తైన స్తంభముల మీద చిన్న గదులు కట్టియున్నవి. చిక్కుకొన్నవాడు నిచ్చెన మీదుగా అందులోనికెక్కి, తన కారు క్రింద నీట మునుగుచుండగా చూచుచు కూర్చుండవలెను. వానికి తెలివి లేక కాదు. సముద్రము తన కొరకు ఒక్క ఘడియ ఆగునని తలంచినందుననే వానికి ఆ గతి పట్టినది.

ఆ దీవికి ప్రక్కను ఇంకొక చిన్న దీవి కలదు. దాని పేరు కత్బర్టు దీవి. ఊరి యొడ్డున నిలుచుంటే అది కంటి యెదుటనే కనబడును. ఆటు వేళ నాచు పట్టిన రాళ్ల మీదుగా దానికి నడచి పోవచ్చును. దూరము కొద్దియే గాని త్వరగా నడువ వీలులేదు. ప్రతి అడుగును చూచి వేయవలెను, లేనియెడల కాలు జారును. అచ్చట కొంచెము గడ్డి, పూర్వపు చిన్న ప్రార్థనాలయపు పునాది రాళ్లు, ఒక కొయ్య సిలువ తప్ప మరేమియు లేవు. అక్కడ కూర్చుండగానే నీరు వచ్చి వచ్చిన దారిని మూసివేయును. ఊరి యిండ్ల కప్పులు కనబడుచునే యుండును, గాని పోవుటకు వీలుండదు. మరల నీరు తీయువరకు ఆ మనుష్యుడును, ఆకాశమును, దేవుడును.

కత్బర్టు ఎవరు? బాల్యములో గొఱ్ఱెలు కాచినవాడు. 651లో ఐడన్ మరణించిన పిమ్మట మఠములో చేరెను. ఇతరులు పోవుటకు భయపడిన కొండ గ్రామములకు అతడు పోయి, అచ్చటి బీదలయొద్ద ఒక్కొక్కప్పుడు వారము, రెండు వారములు, నెల దినములు కూడ ఉండి వాక్యము చెప్పెడివాడని ఆ తరువాతి తరపు చరిత్రకారుడు బీడ్ వ్రాసియున్నాడు. తరువాత లిండిస్‌ఫార్న్ మఠమునకు పెద్దగా వచ్చెను. అచ్చట ఒంటరిగా ప్రార్థించుటకు అతడు మొదట ఎన్నుకొనిన చోటు ఈ చిన్న దీవియేనని సంప్రదాయము.

ప్రియ చదువరీ, ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఊరిలో రోగులున్నారు, ఆకలిగొన్నవారున్నారు, తగవులున్నవి. వీరినందరిని విడిచి ఒకడు దీవికి పోయి, దారి మూసికొనిపోవునట్లు కూర్చుండుట న్యాయమా? అది భక్తియా, లేక భక్తి అను పేరు పెట్టుకొనిన స్వార్థమా? ఈ ప్రశ్న నాకు పుస్తకములో కలిగినది కాదు. నా గుమ్మమునకు వచ్చి తలుపు తట్టినది.

చాలా సంవత్సరముల క్రిందట, నేను చిన్నవాడనై మూడు పల్లెల సంఘములను చూచుచుండిన దినములలో, శుక్రవారము ఉపవాసముండి గది తలుపు వేసికొని ప్రార్థించుట అలవాటు చేసికొంటిని. నేను పిలువనిదే ఎవరును తట్టరాదని ఇంటిలో చెప్పితిని. ఒక శుక్రవారము సాయంకాలము దూరపు పల్లె నుండి ఒక చిన్నవాడు పరుగెత్తుకొని వచ్చి, "మా మామ్మకి బాగోలేదండీ, అయ్యగారిని ఒక్కసారి రమ్మంటంది" అని చెప్పెను. నా భార్య తలుపునొద్దకు వచ్చి, "ఏమండీ, ఆ ముసలమ్మగారు మిమ్మల్ని అడుగుతున్నారట" అనెను. ప్రార్థన ముగిసిన తరువాత వచ్చెదనని చెప్పితిని. మరల కొంతసేపటికి వచ్చి పిలిచెను. మరల అదే చెప్పితిని. చీకటి పడినాక లాంతరు పుచ్చుకొని, చేల గట్ల మీదుగా నడచి ఆ పల్లె పొలిమేర చేరునప్పటికి ఏడ్పులు వినబడినవి.

ఎవరును నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె కుమారుడు నాకు మంచము వాల్చి, "మీరు ప్రార్థనలో ఉన్నారని అమ్మకి చెప్పామండి. పోనీలేరా, మన కోసమేగా చేస్తున్నారు అంది" అనెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. ఎందుకనగా నేను ఆ సాయంకాలము ఆమె కొరకు ప్రార్థించుట లేదు. ఆమె పేరు నా నోట రాలేదు. నా ఆత్మీయ స్థితిని గూర్చి, నాకు కలిగిన నెమ్మదిని గూర్చి సంతోషపడుచు కూర్చుంటిని. నీరు తీసి దారి తెరచుకొనియుండగా, దీవిలో బాగున్నదని లేవనివాడనైతిని.

ఆ తప్పిదమునకు ప్రాయశ్చిత్తమని తలంచి రెండవ తప్పిదములో పడితిని. అది మొదలు నా తలుపు ఎన్నడును మూయలేదు. ఎవరు పిలిచినను పరుగెత్తితిని. గట్టు తగవైనను, పెండ్లి మాటలైనను, పశువు తప్పిపోయినను నేనే ఉండవలెను. జనులు మెచ్చుకొనిరి. రెండు సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట ఒక యౌవన విధవరాలు వచ్చి, "అయ్యగారూ, దేవుడు నన్నెందుకిలా చేశాడండీ?" అని అడిగెను. వెంటనే నాలుగు మాటలు చెప్పితిని. అవి ప్రతి మరణమునొద్దను నేను చెప్పుచుండినవే. ఆమె నా ముఖము వైపు కొంతసేపు చూచి, కొంగుతో కన్నులు తుడుచుకొని లేచి వెళ్లిపోయెను. ఊట ఊరనియ్యక తోడిన బావి ఏమగునో మనకు తెలియును కదా. చేద దిగును గాని బురదయే పైకి వచ్చును. ఆ దినమున ఆమె చేదలోనికి నేను పోసినది బురదయే.

తలుపు మూసికొని ఒకరిని పోగొట్టుకొంటిని. తలుపు మూయక మరియొకరిని వట్టి చేతులతో పంపితిని. మరి ఏది న్యాయము? మన ప్రభువు ఏమి చేసెనో చూతము.

మార్కు సువార్త ఆరవ అధ్యాయములో శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేనంతగా జనులు వచ్చుచు పోవుచునుండిరి. అప్పుడు ప్రభువు వారిని విశ్రాంతి కొరకు అరణ్య ప్రదేశమునకు రమ్మనెను. పడవ మీద పోయిరి. అయితే జనులు చూచి, ఒడ్డు వెంబడి పరుగెత్తి, వారికంటె ముందుగా అచ్చటికి చేరిరి. ప్రభువు వారిని కసరలేదు. కనికరపడి బోధించి, ఆకలి తీర్చెను. తాను కోరిన ఏకాంతమును జనుల కొరకు విడిచిపెట్టెను. ఇంతటితో మనము నిలిపివేయుదుము. కాని సువార్త నిలిపివేయలేదు. అదే సాయంకాలమున ఆయన శిష్యులను పడవ యెక్కించి, జనసమూహమును పంపివేసి, ప్రార్థన చేయుటకు ఒంటరిగా కొండకు వెళ్లెను. ఆ సమూహములో ఇంకను రోగులు లేకుండిరా? దుఃఖితులు లేకుండిరా? ఉండియే యుందురు. అయినను పంపివేసెను. ఆ రాత్రి శిష్యులు ఎదురుగాలికి దోనె నడుపలేక కష్టపడుట కొండ మీది నుండియే చూచి, తెల్లవారుజామున వారియొద్దకు వచ్చెను. ఏకాంతములో ఉన్నను ఆయన చూపు పడవ మీదనే యుండెను.

ఆటు వేళ తెరచి, పోటు వేళ మూసికొను ఆ చిన్న దీవి మనకు చెప్పునది ఇదియేనని నా నమ్మిక. దానిని మూడు మాటలుగా చెప్పెదను.

మొదటిది, దారి యున్నప్పుడు పోవలెను. పోటు వచ్చుచుండగా బయలుదేరినవాడు భక్తుడు కాడు, మూర్ఖుడు. బిడ్డ జ్వరముతో మూల్గుచుండగా ఉపవాస కూటమునకు పోవు తల్లియు, కళ్లము మీద ధాన్యము తడియుచుండగా కూలివారికి పని అప్పగించి తాను మందిరములో కూర్చుండు రైతును అట్టివారే. అయితే దారి తెరచిన గడియ ప్రతివానికిని ఒకటి వచ్చును. కోడి కూయక ముందు, పొయ్యి రాజేయక ముందు, దూడను విడువక ముందు ఒక చిన్న వేళ యున్నది. ఆ వేళను నిద్రకిచ్చి, 'నాకు తీరిక లేదు' అని చెప్పుట నిజము కాదు.

రెండవది, నీరు మూసినప్పుడు నిలిచియుండవలెను. దీవిలో కూర్చుండియు మనస్సును ఊరిలో పరుగెత్తించువాడు రెండు చోట్లను లేనివాడు. నేను లేనియెడల ఊరు నడువదను తలంపు ప్రేమవలె కనబడును గాని దానిలో గర్వము దాగియున్నది. నేను దీవిలో నున్న ఆ కొద్ది గంటలలో ఆ ఊరి దీపములు నేను వెలిగింపకయే వెలుగును. దేవుడు నాకు పూర్వమును ఆ ఊరిని కాచినాడు, నా తరువాతను కాచును.

మూడవది, మిక్కిలి కష్టమైనది, నీరు తీసినప్పుడు లేచి రావలెను. రూపాంతరపు కొండ మీద పేతురునకు దిగి రావలెనను కోరిక లేకపోయెను. మూడు పర్ణశాలలు కట్టుదుమనెను. కొండ క్రింద ఒక తండ్రి, దయ్యము పట్టిన కుమారునితో ఎదురు చూచుచుండెను. ప్రభువు దిగి వచ్చెను. ప్రార్థన తీయగా నున్నంత మాత్రమున ఇంకను ఉండుమని దేవుడు సెలవిచ్చినట్లు కాదు.

'అయ్యా, సముద్రమునకు లెక్క యున్నది. నా జీవితమునకు ఆ పలక ఎక్కడ?' అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వ్రాసిన పలక నాకును దొరకలేదు. అయితే తలుపు తట్టు చేతిని గూర్చి రెండు సంగతులు అడుగుట నేర్చుకొంటిని. ఇది రేపటి వరకు ఆగునా? నాకు బదులు మరియొకరు పోగలరా? గట్టు తగవు రేపటి వరకు ఆగును. తప్పిపోయిన పశువును వెదకుటకు నాకంటె మంచి కాళ్లు గలవారున్నారు. మరణమంచము ఆగదు, అది నన్ను పేరు పెట్టి పిలిచినప్పుడు మరియొకరు పోలేరు. ఈ రెండు ప్రశ్నలు ఆ శుక్రవారము నేను అడిగియుంటే, ఆ ముసలి తల్లి చేయి పట్టుకొనియుందును.

కత్బర్టునకును ఈ సంగతి సులభముగా తెమలలేదు. చిన్న దీవి ఊరికి మరీ దగ్గర. 676లో అతడు సముద్రములో ఇంకను లోనికి, ఆటు వేళ సైతము నడచి పోవీలులేని ఫార్న్ అను దీవికి పడవ మీద పోయెను. అచ్చట ఆకాశము తప్ప మరేమియు కనబడకుండునట్లు తన గది చుట్టు ఎత్తైన గోడ కట్టుకొనెను. జనులు అచ్చటికిని పడవల మీద వచ్చిరి. 684లో అతనిని బిషప్పుగా ఎన్నుకొనిరి. జాబులు వ్రాసిరి, దూతలను పంపిరి, అతడు కదలలేదు. చివరకు ఎక్‌ఫ్రిత్ రాజు తానే పడవ యెక్కి పోయి, మోకాళ్లూని బతిమాలుకొనెను. కత్బర్టు ఏడ్చుచు బయటికి వచ్చెను. 685లో ఈస్టరు పండుగనాడు యార్కు పట్టణమున బిషప్పుగా అభిషేకము పొందెను.

ఏడ్చుచు వచ్చినవాడు వచ్చి ఏమి చేసెను? తెగులు పాడుచేసిన ఒక గ్రామమునకు పోయి అచ్చటివారిని ఓదార్చిన తరువాత, తాను చూడవలసినవారు ఇంకెవరైనను మిగిలియున్నారా అని తోడి సేవకుని అడిగెనట. దూరమున ఒక స్త్రీ ఏడ్చుచు నిలిచియుండెను. ఒక కుమారుడు అప్పుడే చనిపోయెను. మరియొకడు ఆమె చేతులలో కొన ఊపిరితో నుండెను. కత్బర్టు తిన్నగా ఆమెయొద్దకు పోయి, ఆ బిడ్డను ముద్దు పెట్టుకొని, భయపడవద్దని తల్లితో చెప్పెను. బిడ్డ బ్రదికెనని బీడ్ వ్రాసినాడు. ఇంకెవరైనను మిగిలియున్నారా అని అడుగు హృదయము అతనికి దీవిలో దొరికినదని నేను నమ్ముచున్నాను. అట్టి ప్రశ్న తీరిక లేని నోట రాదు.

రెండు సంవత్సరములు సేవ చేసి, 686 క్రిస్మసు పండుగ పిమ్మట అంత్యకాలము సమీపించెనని తెలిసి, అతడు మరల ఫార్న్ దీవికి పోయెను. అచ్చట జబ్బు పడెను. అయిదు దినములు తుపాను రేగి, సహోదరులు పడవ మీద రాలేకపోయిరి. వారు వచ్చి చూచునప్పటికి అతడు గోడలోపలి గదిలో లేడు. పడవలు దిగు రేవునొద్ద, అతిథుల కొరకు కట్టిన ఇంటిలో కూర్చుండియుండెను. తనకు ఉపచారము చేయ వచ్చువారు అంతదూరము నడువనక్కరలేకుండ తానే వచ్చి కూర్చుంటినని చెప్పెనట. ఆకాశము తప్ప మరేమియు కనబడరాదని గోడ కట్టుకొనినవాడు, చివరి దినములలో, వచ్చువారి కొరకు రేవునొద్ద కనిపెట్టుకొని యుండెను.

687 మార్చి 20న అతడు ప్రభువునందు నిద్రించెను. ముందుగా చేసికొనిన ఏర్పాటు చొప్పున, ఒక సహోదరుడు రెండు దివ్వెలు వెలిగించి, చేతికొకటి పట్టుకొని ఎత్తైన చోట నిలిచెను. నీటికి ఆవల లిండిస్‌ఫార్న్‌లో మేలుకొని చూచుచుండినవాడు ఆ వెలుగును చూచి, సంఘమునకు తెలియజేయ పరుగెత్తెను.

ప్రియ సహోదరీ సహోదరులారా, నడుమ నీరున్నను ఈవల వెలుగు పట్టుకొనువాడును, ఆవల మేలుకొని చూచువాడును ఉండిరి. మన ఏకాంతమును అట్లే యుండవలెను. రేపు వేకువను మీ చిన్న దీవికి నడచి పొండి. పోవునప్పుడు ఒక్క పేరునైనను వెంట తీసికొని పొండి. మీ వీధిలో మంచము పట్టినవారి పేరు. నీరు తీయగానే, ఆ పేరుగల యింటికి మొదట నడవండి.